బోరు నీళ్లకు నేను వేసిన కమిటీ

ఆ రోజుల్లో ఒక కమిటీ లేకనే లోకం చెడిపోతోందని నాకు గట్టి నమ్మకం. కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తలో, రైతులకు మంచీచెడూ చెప్పే ఓ చిన్న సంస్థలో ఉద్యోగం దొరికి కొత్తకోట దగ్గరి పల్లెకు వెళ్లాను. అక్కడ నాలుగు కుటుంబాలకు కలిపి ఒకే బోరు. అధ్యక్షుడు లేడు, రిజిస్టరు లేదు. (ఎలా బతుకుతున్నారో పాపం అని నిజంగానే జాలిపడ్డాను.) ఉన్నది ఒకటే కట్టుబాటు: తమ చేను తడిసినవాళ్లు ఇంటికి పోయే ముందు, తమ పారతోనే తర్వాతి వంతువాళ్ల చేనుకు నీళ్లు మళ్లించాలి.

"మరిచిపోతే?" అని అడిగాను.

"ఎట్ల మరుస్తం సారూ? రేపు నా చేనుకు తిప్పేది గూడ వీళ్లే గద," అన్నాడు ఆ నలుగురిలో పెద్దవాడైన మీసాల కాక.

నేను వింటేనా! కమిటీ వేశాను, కాకను ప్రెసిడెంటును చేశాను, ఎవరి గంటలు వాళ్లకు కాగితం మీద రాసి మోటరు డబ్బాకు అంటించాను. అంతే, ఎవరి నీళ్లకు వాళ్లే కాపలాదారులయ్యారు. పక్క చేను తడిసిందా అని చూసినవాళ్లు సెల్‌ఫోన్లో టైం చూడసాగారు. గంట కాగానే పార భుజాన వేసుకుని పోవడమే. తిప్పుకోవడం తర్వాతివాళ్ల పని. కాక తర్వాతి వంతు, అన్నిటికన్నా కింది చేను, ఒంటరి అవ్వది. మోకాళ్ల నొప్పులతో ఆమె గట్లెక్కి వచ్చేసరికి ఆమె నీళ్లు సగం మీసాల కాక చేలోనే పారేవి. ఏడాదికి ఆమెకు ఆధారం ఆ పల్లిచేనే. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు అది వాడిపోయింది.

ఒక ఉదయం నేను వెళ్లేసరికి అవ్వ బిందెతో నీళ్లు మోసి సాళ్లలో పోస్తోంది. కాక కూడా చూశాడు. ఇంకా అరగంట వంతు అతనిదే. పార తీసుకుని నీళ్లు అవ్వ చేనుకు తిప్పాడు.

"ప్రెసిడెంటు గిట్ల చేయొచ్చని నీ కాయితంల ఉన్నదా సారూ?" అన్నాడు, నావైపు తిరగకుండానే.

వెళ్లి కాగితం చింపేశాను. మధ్యాహ్నానికి చేను తడిసింది. అవ్వ పార అందుకుని, కుంటుకుంటూ గట్టెక్కింది.

"నేను తిప్పుతా, నువ్వు కూర్చో అవ్వా," అన్నాను.

"వద్దు బిడ్డా. నాకు ఆయన తిప్పిండు. ఇంకొకలకు నేనే తిప్పాలె."

ఆ ఏడు ఆమెకు సగం పంటే చేతికొచ్చింది. కమిటీ వేసిన ఆ ఇరవై మూడేళ్ల మహానుభావుణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అవ్వకు దక్కని ఆ సగం గుర్తొచ్చాక మాత్రం ఎక్కువసేపు నవ్వలేను.