అడ్డంగా ఊగే తల

మా మామయ్యకి వేరే ఏ దురలవాటూ లేదు. డోలుకి తగ్గట్టు కర్రలు తాటిస్తూ ఆడే కర్రాట చూస్తే మాత్రం తల అడ్డంగా ఊపుతాడు. అదీ వెనకెక్కడో కూర్చుని కాదు. మొదటి వరసలో, నడిమధ్య కుర్చీలో కూర్చుని, ఆట మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా ఊపుతూనే ఉంటాడు.

మామయ్య దర్జీ. చేతులు పట్టుకుని తిరుగుతూ ఆడే గుండ్రాట జట్టుకి నాయకుడు. ఎదురుకొట్టు వడ్రంగి మేస్త్రి కర్రాట జట్టుకి నాయకుడు. రెండు జట్లకీ ఒకటే హాలు.

"ఆటకి కర్రలేమిటయ్యా, కుక్కల్ని తోలడానికా?" అనేవాడు మామయ్య.

"చెయ్యి వదిలితే పడిపోతామని పట్టుకుని ఆడేవాళ్ళు కూడా మాట్లాడేవాళ్ళే!" అనేవాడు మేస్త్రి.

తర్వాత ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగేవాళ్ళు. ఒళ్ళు మండిపోయేది మేస్త్రి జట్టులో కుర్రాళ్ళకే. ఏటా జరిగే పోటీ దగ్గర పడగానే వాళ్ళలో ఒకడు ఇంటికొచ్చి మరీ అత్తయ్యతో చెప్పాడు: "ఈసారి మీ ఆయన తల ఊపితే కుర్చీతో సహా బయట పెడతాం అక్కా, తర్వాత మమ్మల్ననొద్దు."

ఆ రోజు నుంచి అత్తయ్యకి అన్నం సయించలేదు. నేనైతే తలుపు చప్పుడైతే చాలు, గడియ పడిందో లేదో చూసొచ్చేదాన్ని. మామయ్యకి చెప్పి చూశాం, బతిమాలాం. ఆయన మాకు కూడా తల అడ్డంగానే ఊపాడు.

సరిగ్గా పోటీ రోజు పొద్దున ఆయన మెడ పట్టేసింది. ఇటు తిరగదు, అటు తిరగదు. అత్తయ్య "హమ్మయ్య!" అనేసి, వెంటనే నాలిక్కరుచుకుని కాపడానికి నీళ్ళు కాచబోయింది. మామయ్య మొహం మాత్రం పాలిపోయింది.

"తల ఊగట్లేదే అమ్మాయ్! ఇవాళ ఎలాగే?"

"ఒక్కరోజు ఊపకపోతే కొంపలేం మునిగిపోవులే మామయ్యా."

"మునుగుతాయే," అన్నాడు. ఆ గొంతు విన్నాక నాకు నవ్వు రాలేదు.

హాల్లో కర్రాట మొదలైంది. డోలు ఆటగాళ్ళ వెనక మోగుతోంది. మేస్త్రి అందరికంటే ముందు నిలబడ్డాడు. ఆయన కర్రని బట్టే మిగతా కర్రలన్నీ పడాలి. ఆయన మామయ్య వైపు చూశాడు. మామయ్య తల కదల్లేదు. మేస్త్రి కర్ర తప్పింది. మళ్ళీ తప్పింది. ఎదురుగా ఉన్న కుర్రాడి వేళ్ళు వెంట్రుకవాసిలో బతికిపోయాయి. హాలంతా గుసగుసలు.

మామయ్య లేచి నిలబడ్డాడు. తల ఊగదు కదా, నడుం దగ్గర్నుంచి మనిషి మొత్తం అడ్డంగా ఊగడం మొదలెట్టాడు! పైగా రెండు చేతులూ చాచి "వద్దు, వద్దు" అన్నట్టు ఆడిస్తున్నాడు.

"కూర్చోవయ్యా!" అని అరుపులు. అత్తయ్య నా చెయ్యి నలిపేస్తోంది. ఇంక తన్నులు ఖాయమని నేను కళ్ళు మూసేసుకున్నాను.

ఠక్. ఠక్. ఠక్.

కళ్ళు తెరిస్తే కర్రలన్నీ కలిసి పడుతున్నాయి. మామయ్య ఒక ఊపు, కర్ర ఒక దెబ్బ. మేస్త్రి కళ్ళు ఆయన్ని వదలడం లేదు.

ఆట అయ్యాక కుర్రాళ్ళు అన్న మాట ప్రకారం మామయ్యని కుర్చీతో సహా ఎత్తి బయట పెట్టారు. నేను పక్కన చేరి, "మేస్త్రిగారికి డోలు వినపడదా మామయ్యా?" అన్నాను.

"మెల్లగా మాట్లాడవే! ఇన్నేళ్ళు రంపం మిషను పక్కన నిలబడ్డవాడికి చెవులెక్కడ మిగుల్తాయి? జట్టుకి తెలిస్తే ఆటలోంచి తీసేస్తారు. ఆట లేకపోతే వాడు బెంగతో పోతాడే."

మామయ్యని చూస్తే నాకు ప్రేమ పొంగుకొచ్చింది, దానితోపాటే ఒళ్ళూ మండింది. "ఆ ఊపేదేదో నిలువుగా ఊపొచ్చుగా! ఇంత గొడవ ఉండేది కాదు."

మెడ తిరగదు కాబట్టి ఆయన కుర్చీతో సహా నా వైపు తిరిగాడు.

"నిలువుగానా? అంటే కర్రాట బాగుందని ఒప్పుకోమంటావా!"