చదవను రాదని చెప్పిన అక్క

నా చిన్నప్పుడు తమిళనాడులో మా ఊరు కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని పోవడమంటే నాకు పండగే. ఆ రోజు ఆ పండగ పక్కింటి అక్క పుణ్యమా అని దొరికింది. పని అడగను పోతున్న ఆమెను ఒంటరిగా పంపడానికి వాళ్ళమ్మ ఒప్పుకోక, మూడో తరగతి చదివే నన్ను తోడు పంపింది. నా వల్ల అక్కకు ఏం రక్షణో ఇప్పటికీ నాకు తెలియదు.

వాళ్ళమ్మ భయం ఊరికే వచ్చింది కాదు. అంతకు ముందు ఏడు ఒక మనిషి మా ఊరికి వచ్చి, మిల్లులో పని, ఉండడానికి మంచి హాస్టలు అని తియ్యగా చెప్పి ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుపోయాడు. ఆ హాస్టలు గేటుకు ఎప్పుడూ తాళమేనట. ఇద్దరూ చిక్కి సగమై తిరిగి వచ్చారు. అప్పటి నుంచి పని చూసిపెడతామనే వాళ్ళ పేరెత్తితే మా వీధిలో ఆడవాళ్ళు మొహం తిప్పుకునేవాళ్ళు.

విరుదునగర్‌లో ఒక పెద్దావిడ మాత్రం అలాంటిది కాదని అక్క టైపు నేర్చుకునే చోట విన్నది. ఆవిడ శివకాశి ప్రెస్సులకు మనుషుల్ని చూసిపెట్టేది. క్యాలెండర్లు వేసే ఒక ప్రెస్సుకు తెలుగు వచ్చిన అమ్మాయి కావాలట. అచ్చులో తప్పులు చూసే పని. చిక్కల్లా అక్కడే ఉంది. మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతాం గానీ బడిలో చదివిందంతా తమిళమే. తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు. "సదవను వచ్చునని సెప్పు, చేరినాక నేర్సుకోవచ్చు" అని స్నేహితురాలు అక్కకు నూరిపోసింది. బస్సులో దారి పొడవునా అక్క పెదవులు చదవడం వచ్చనే ఆ అబద్ధాన్నే వల్లిస్తున్నాయి.

పెద్దావిడ ఆఫీసు బస్టాండు దగ్గర మేడ మీద ఒక చిన్న గది. ఆవిడ కళ్ళద్దాల మీదుగా అక్కను చూసి, తెలుగు చదువుతావా అని తమిళంలో అడిగింది. అక్క నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

"సదవను రాదమ్మా," అని తమిళంలోనే చెప్పింది. "ఇంట్లో మాట్లాడతాము, అంతే."

ఆవిడ ముందున్న ఫైలు మూసేసింది. పని పోయినట్టేనని నాకు ఏడుపు వచ్చింది. అక్క మాత్రం కుర్చీలోంచి లేవలేదు. మా ఊరి ఇద్దరు పిల్లల సంగతి చెప్పి, "నాకు రానిది మీకు సెప్పేసినాను. ఇంక ఆ పనిలో ఉండే కష్టమేమో మీరు నాకు సెప్పండి" అంది.

పెద్దావిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత నవ్వుతూ చెప్పుకొచ్చింది. సిరా వాసనకు మొదట్లో తల నొస్తుంది. దీపావళి ముందు నెలల్లో పని విపరీతం. ప్రెస్సు వ్యాను ఇంటి దగ్గర దించుతుంది గానీ వారానికొకసారి దారిలో మొరాయిస్తుంది. యజమాని మంచివాడే, కానీ అరుస్తాడు. ఆ అరుపులు పడలేక ఒక అమ్మాయి మానేసింది కూడా. ఆ అమ్మాయి ఇల్లు పక్క వీధిలోనే ఉందని, పోయి అడగమని చీటీ మీద గుర్తులు రాసిచ్చింది.

తర్వాత ఏమనిపించిందో, ఫోను దగ్గరికి లాక్కుని శివకాశికి కలిపింది. ఆ వేళకు ప్రెస్సులో ఆంధ్రా నుంచి వచ్చిన ఒక వ్యాపారి కూర్చుని ఉన్నాడట. ఆయన మాట వాళ్ళకు అర్థం కాక, వాళ్ళ మాట ఆయనకు అర్థం కాక అందరూ తల పట్టుకుని ఉన్నారట. పెద్దావిడ ఫోను అక్క చేతిలో పెట్టింది.

"దండాలయ్యా. ఏమి కావల్లో నిదానంగ సెప్పండి, నేను ఈళ్ళకి సెప్తాను," అంది అక్క.

తిథులు పెద్ద అక్షరాల్లో కావాలి, అంచు ఎరుపు వద్దు, పచ్చది కావాలి. ఆయన చెప్పింది అక్క తమిళంలో ప్రెస్సువాళ్ళకు, వాళ్ళన్నది తెలుగులో ఆయనకు చెప్పింది. చివర్లో ఆయన పెద్దగా నవ్వడం నాకూ వినిపించింది. "ఏ ఊరమ్మా మీది? మా నాయనమ్మ మాట్లాడినట్టే ఉంది!"

నేను కుర్చీ మీంచి దూకి చప్పట్లు కొట్టాను. పెద్దావిడ నన్ను కసురుకోలేదు. "వాళ్ళు చదివే మనిషి కావాలన్నారు. కావలసింది మాట్లాడే మనిషని నాకూ ఇప్పుడే తెలిసింది" అంది.

కిందికి దిగగానే అక్క నా చెయ్యి పట్టుకుని పరుగు తీసింది. ఇద్దరం వగరుస్తూ ఆ మానేసిన అమ్మాయి ఇంటికి పోయాం. ఆమె చెప్పిందీ, పెద్దావిడ చెప్పిందీ ఒక్కటే. "అరుస్తాడు, అంతే. ఇంకేమి బయం లేదు" అంది.

ఆదివారం పెద్దావిడ తానే మా ఊరికి వచ్చింది. అక్కావాళ్ళ ఇంట్లో చాప మీద కూర్చుని వాళ్ళమ్మకు కూడా ముందు కష్టాలే చెప్పింది. "మంచి సెప్పేవాళ్ళని శానామందిని సూసినాను. సెడ్డ సెప్పినామె నువ్వొకతేవే," అని వాళ్ళమ్మ లోపలికి పోయి ఆవిడకు కాఫీ పెట్టింది. సోమవారం వ్యాను మా వీధిలోకి వచ్చేసరికి నేను పలక పట్టుకుని వాకిట్లో గెంతుతున్నాను.

అక్క ఆ ప్రెస్సులో చాలా ఏళ్ళు పనిచేసింది. అక్కడే తెలుగు చదవడం నేర్చుకుని, పాడైన క్యాలెండరు కాగితాలు తెచ్చి నాకూ నేర్పింది. మా ఊరి పిల్లల్ని ఎక్కడికైనా పంపే ముందు పెద్దావిడ అక్కను అడిగేది. ఏ పనికి ఎవరు పనికిరారో అక్క దాచకుండా చెప్పేది. అక్క చెప్పిందంటే ఆవిడ మారు అడిగేది కాదు. ఆవిడ చెప్పిందంటే మా వీధి తల్లులు పిల్లల్ని నిశ్చింతగా పంపేవాళ్ళు.

నేను కూడా తూత్తుకుడిలో, మదురైలో పనుల కోసం చాలామంది ముందు కూర్చున్నాను. ప్రతిసారీ ముందు నాకు రానిది చెప్పేదాన్ని, ఆ తర్వాత ఆ పనిలో కష్టమేమిటని అడిగేదాన్ని. తడుముకోకుండా జవాబు చెప్పిన వాళ్ళ దగ్గరే చేరాను. మిగిలిన చోట్ల ఒక దండం పెట్టి లేచి వచ్చేశాను.