తేయాకు పెట్టె

తొండియార్‌పేటలో మా పక్కవాటా అక్క పోయిన శుక్రవారం చనిపోయింది. అందరూ ఆమె మంచితనం చెప్పుకుని ఏడ్చారు. నాకు ఏడ్చే మొహం కూడా లేకపోయింది. ఎందుకో మీతో చెప్పుకోకపోతే అన్నం సహించేట్టు లేదు.

నేను నెల్లూరు నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె పొద్దున్నే ఇడ్లీలు వేసి హార్బరు పనివాళ్లకు అమ్మేది. భర్త లేని మనిషి, అదే ఆధారం. ఇడ్లీ రేకులు తోమి వరసగా బోర్లించేది. చీకటి పడుతూనే వంటింటి తూముకు రాయి అడ్డం పెట్టేది. మదరాసు ఉక్కకు బొద్దింకలు ఎలా పెరుగుతాయో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

"పెద్ద ఎర్రవి తూములోంచి వస్తాయి పాపా, రాయి పెడితే ఆగిపోతాయి. మెడ మీద రెండు చారలుండే చిన్నవి అట్ల రావు. ఎవురో ఒకరు ఇంట్లోకి తెచ్చుకుంటేనే వస్తాయి" అనేది. నేను చెవిన పెట్టలేదు.

హార్బరులో పనిచేసే మా ఆయన ఒకసారి ఖాళీ తేయాకు పెట్టె తెచ్చాడు. లోపలంతా తగరపు కాగితం. దాన్ని వంటింట్లో నిలబెట్టి, పాత చీర తెర కట్టి, బీరువా చేసుకుని మురిసిపోయాను. రెండు నెలలకు గోడనిండా చిన్న బొద్దింకలు, పప్పు డబ్బాలో కూడా. పెట్టె సంగతి నాకు తట్టనే లేదు. రోజూ పిండి రుబ్బే ఇల్లు పక్కనే ఉంది కదా! కుళాయి దగ్గర పదిమంది వింటుండగా, అవి అక్క రోలు కిందినుంచే వస్తున్నాయని, ఆ పిండిలో ఏమేం పడుతున్నాయో దేవుడికే తెలియాలని అనేశాను.

ఆమె బిందె దించింది. "మా ఇంట్లోకి వచ్చి చూడు పాపా" అంది. నేను వెళ్లలేదు. ఆ తర్వాత ఆ గడపే తొక్కలేదు. నా మాట మాత్రం హార్బరు దాకా వెళ్లింది. వారం తిరిగేసరికి ఆమె గుమ్మం ముందు ఆగేవాళ్లు లేరు. నెలకల్లా ఇడ్లీపాత్ర అటకెక్కింది, ఆమె పెరంబూరులో అంట్లు తోమే పనికి కుదిరింది.

కొన్నాళ్లకు పెట్టె జరపబోతే తగరపు కాగితం ఊడివచ్చింది. వెనకాల కుప్పలుగా బొద్దింక గుడ్లు. ఎవరూ చూడకుండా వీధిలోకి ఈడుస్తుంటే, పని నుంచి వస్తున్న అక్క చూసింది. సంచీ కింద పెట్టి రెండో వైపు పట్టుకుంది.

"దీన్ని ఈడ పెట్టొద్దు, కాల్చెయ్" అని మాత్రం అంది.

తప్పు నాదేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కుళాయి దగ్గర అంతగా లేచిన నోరే అది. ఆమె కూడా ఎవరితోనూ అనలేదు. పైగా మాగాయ పెట్టినప్పుడల్లా నాకో గిన్నె పంపేది. సిగ్గుతో చచ్చిపోతూ తినేదాన్ని.

శుక్రవారం అందరూ శ్మశానం నుంచి తిరిగొచ్చాక, చీకటి పడుతుండగా, తూముకు రాయి పెట్టేవాళ్లు లేరని గుర్తొచ్చి ఆమె వంటింట్లోకి వెళ్లాను. అప్పటికే తూములోంచి రెండు మీసాలు ఆడుతున్నాయి. రాయి అడ్డం జరిపి తలెత్తితే అటక మీద ఇడ్లీ రేకులు కనిపించాయి. ఇన్నేళ్లుగా పిండి ఎరగని రేకులు, నిన్న తోమినట్టు, వరసగా బోర్లించి ఉన్నాయి.