కొడుకని చెప్పిన గొంతు

తమిళంలో ప్రవచించే ఒక ప్రవక్త సింగపూర్ వచ్చినప్పుడల్లా, వేదిక మీద ఆయన మాటలను తెలుగులో చెప్పేవాణ్ణి నేనే. దేవుడిచ్చాడని ఆయన చెప్పుకునే కృపావరం మహా తెలివైనది. రాఫెల్స్ ప్లేస్ ఆఫీసుల వాళ్ళకు ప్రమోషన్లు వస్తాయని, సెంబవాంగ్ షిప్‌యార్డు వాళ్ళకు కొడుకులు పుడతారని ఆయనకు దర్శనంలో కనిపించేది. చెప్పింది జరగకపోతే మీ విశ్వాసం చాలలేదనేవాడు. సిగ్గులేకుండా నేను అదీ తెలుగులో చెప్పేవాణ్ణి.

ఒక ఆదివారం ట్రైన్‌లో ఫోన్ మాట్లాడి పెట్టేయగానే, పక్కనున్న షిప్‌యార్డు పనివాడు నా వైపు తిరిగాడు.

"మీ గొంతు గుర్తుపట్టాను సార్. మాకు కొడుకు పుడతాడని సభలో చెప్పారు. కూతురు పుట్టింది."

నేనేదో సర్దిచెప్పబోయాను.

"కూతురంటే మాకు ప్రాణమే సార్. కానీ మా ఆవిడ తన విశ్వాసంలోనే లోపముందని ఉపవాసాలుంటా ఉంది. పాలిచ్చే మనిషి. ఆయన నిజంగా కొడుకనే అన్నాడా, మీరేమన్నా కలిపారా?"

"కొడుకనే అన్నాడు."

"మరి దేవుడు చెప్పాడా?"

"లేదు. నోటికొచ్చింది అన్నాడు. నేనూ అదే చెప్పాను."

అతను ఊళ్ళో ఉన్న భార్యకు ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు.

"ఆ మాటే ఆమెకు చెప్పండి సార్. సభ రికార్డింగు పంపితే రోజూ వింటా ఉంది. మీ గొంతైతే నమ్ముద్ది."

అవతల ఆమె "హలో" అంది. వెనక బిడ్డ ఏడుస్తోంది. వేదిక మీద ఏనాడూ తడబడని నాకు, మొదటి మాట దొరికేసరికి రెండు స్టేషన్లు దాటిపోయాయి.