మూగ అక్షరం

క్లెమాన్స్ బ్యుర్దే ప్యారిస్‌లో ఒక అచ్చుకూటంలో పదకొండేళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది. పెద్ద యుద్ధం ముగిసిన ఆరో ఏట, మగవాడి పేరు పెట్టుకుని ఒక నవల రాసింది. అది తిరిగి తిరిగి తాను పనిచేసే చోటికే అచ్చుకు వచ్చింది. రాసిందెవరో అక్కడ ఎవరికీ తెలియదు.

కథలో ఒక మగవాడు కుట్టుపని చేసే అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆ మగవాడు క్లెమాన్సే. ఆ అమ్మాయి, కింది గదిలో అచ్చయిన పెద్ద కాగితాల్ని, ఫారాల్ని, పుస్తకం పేజీలుగా మడిచే ఇర్మా. కొత్తరకం నవలలు మనసు లోతుల్ని తవ్విపోస్తున్నాయని అప్పట్లో విమర్శకులు తెగ మురిసిపోయేవారు. తవ్వేవాళ్లు ముందుగా చేసే పని మాత్రం మనిషి పేరు మార్చడం, ఆపైన ఆడని మగ చేయడం. ధైర్యమంతా వాక్యం నడకలోనే.

ఫ్రెంచిలో 'వచ్చాను' అని రాయాలన్నా ఆడో మగో తేల్చాలి. ఆడదైతే చివర ఒక అక్షరం ఎక్కువ. చెవికి వినబడదు, కంటికే కనబడుతుంది. మూగ అక్షరం అంటారు. కథలో మగవాడు అమ్మాయితో 'నీ కోసమే వచ్చాను' అనే ఒక్క వాక్యంలో క్లెమాన్స్ దాన్ని కావాలనే చేర్చింది. అచ్చుతప్పులు పట్టుకుని పైకొచ్చి వెక్కిరించడం ఇర్మాకు సరదా. ఇదీ పట్టుకుంటుంది, వస్తుంది. అప్పుడు 'అది తప్పు కాదే' అనాలి. మూడు వందల పేజీలూ ఆ ఒక్క మాట కోసమే.

ముందు పట్టుకున్నది రెండో ప్రూఫు చూసే ముసలి లగాష్.

"ఏమ్మాయ్, కళ్లు ఇంట్లో పెట్టి వచ్చావా? నూట పన్నెండో పేజీలో మన మీసాలాయన గౌను తొడుక్కున్నాడు!"

"కావాలనే రాశాడేమో, లగాష్ గారూ."

"కావాలని ఎవడు రాస్తాడమ్మా? పోనీ, ప్రచురణకర్తకి ఉత్తరం పెట్టి ఆ మహానుభావుణ్నే అడిగిద్దామా?"

"వద్దు వద్దు. నేనే చూస్తాను."

ఆ అక్షరాన్ని తన పెన్సిల్‌తో తానే కొట్టేసింది. చేతికి అలవాటైన పనే.

వారం తర్వాత ఏదో సాకు చెప్పుకుని కిందికి దిగింది. ఇర్మా మడుస్తూ చదువుతోంది.

"ఏమే, ఈసారి ఒక్క తప్పూ దొరకలేదు! మీ ముసలాడు కళ్లజోడు మార్చాడా?"

"నూట పన్నెండో పేజీ చూశావా?"

"చూశానే. ఏడుపొచ్చింది. ఇలాంటి మగాడు ఒక్కడు దొరికినా ఆ ట్రాము కండక్టరుకి ఊ అనేదాన్నా?"

ఆ కండక్టరుతో ఇర్మా పెళ్లికి ఇంకా పది రోజులే ఉన్నాయి. క్లెమాన్స్ నోరు తెరిచింది.

"మడత వంకరపోతోంది, చూసుకో," అంది.