రెండు వీపులు, ఒకే నూనె

1961 ఎండాకాలం. నేను హిందూపురంలో ఒక దినపత్రికకు విలేకరిని. రొద్దం దగ్గర ఎముకలకు కట్లు కట్టే ఒకాయన, ఒక పిల్ల వంకర వెన్నెముకను నూనె మర్దనతో, కట్టుతో నిటారు చేశాడని ధర్మవరం విలేకరి రాసిన వార్త వేరే పత్రికలో మొదటి పేజీకెక్కింది. ఆ వారమంతా హోటల్లో కాఫీ చేదుగా తోచింది. పిల్లది గుడిబండ. గుడిబండ నా ప్రాంతం. నా గుమ్మం ముందున్న వార్తను అతను ఎత్తుకుపోయాడు. లొసుగేదైనా దొరక్కపోతుందా అని బస్సెక్కాను.

సుశీల అనే ఆ పిల్ల నిజంగానే నిటారుగా ఉంది. తల్లి ఈరమ్మ పేపరు ముక్కను దేవుడి పటం పక్కన గోడకు అంటించింది. అదే ఇంట్లో ఉండే తోడికోడలు రత్నమ్మ నన్ను దొడ్డివైపు పిలిచింది. ఆమె కూతురు పద్మకు పదమూడేళ్లు. పద్మకూ వంకరే. అదే నూనె, అదే కట్టు. తగ్గకపోగా ఒక భుజం ఇంకా పైకి లేచింది.

“అక్క బిడ్డకు కుదిరింది, నా బిడ్డకు యాల కుదర్లేదు? కట్టు కట్టిన ఆయప్ప చేతిలో కూడా పక్షపాతం ఉండాదా?”

పెనుకొండలో డాక్టరుకు చూపిద్దామన్నాను.

“చూపిస్తే ఇద్దర్నీ చూపించాల. నా బిడ్డ ఒక్కదాన్నే అయితే నేను రాను.”

ఈరమ్మను ఒప్పించడం కష్టం కాలేదు. నయమైన పిల్లను డాక్టరు చూస్తాడనగానే కొత్త చీర కట్టుకుని బయల్దేరింది.

డాక్టరు పిల్లలిద్దర్నీ మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమన్నాడు. సుశీల వీపు రెండువైపులా సమంగా ఉంది. పద్మ వీపు కుడివైపు పక్కటెముకలు గట్టులా లేచాయి. వెన్నెముక పక్కకు వంగడమే కాక మెలి కూడా తిరిగితే ఇలా అవుతుందని, దాన్ని స్కోలియోసిస్ అంటారని చెప్పాడు.

“సుశీల చంకలో ఎవరినైనా ఎత్తుకునేదా?” అని అడిగాడు.

“తమ్ముణ్ణి. పొద్దస్తమానం ఎడమ చంకలోనే,” అంది ఈరమ్మ. “కట్టు కట్టినాక ఎత్తుకోవద్దన్నాడు ఆయప్ప. వాడూ అప్పుడే నడవబట్టినాడు.”

పనిచేసింది నూనెనా, కట్టా, తమ్ముడు కిందికి దిగడమా? ధర్మవరం అతను అడగని ప్రశ్న అది. లోపల నాకు పండగే.

పద్మ విషయంలో డాక్టరు ఆచితూచి మాట్లాడాడు. మర్దనతో ఈ మెలి తగ్గిన కేసు తాను చూడలేదు. కసరత్తు ఒంటికి మంచిదే కానీ వంకరను ఆపుతుందని చెప్పలేడు. ప్లాస్టర్ జాకెట్, అంటే నడుం నుంచి చంకల దాకా వేసే పిండికట్టు, ఎదిగే వయసులో కొందరికి వంకర పెరగకుండా ఆపవచ్చు, అందరికీ కాదు. ఎముకలు అతికించే ఆపరేషన్ పెద్దది, నెలల తరబడి మంచం. వంకర మరీ పెరిగితేనే ఆ ఆలోచన. ఆలస్యం చేయకుండా బెంగుళూరులో జాకెట్ వేయించమన్నాడు.

రత్నమ్మ భగ్గుమంది. “దాని కూతురికి నూనె, నా కూతురికి సున్నపు గోడనా? వద్దు సామీ. ఇంకా కొన్నాళ్లు నూనే రుద్దుకుంటాం.”

పద్మ తల దించుకుంది. డాక్టరు రత్నమ్మను రెండు వీపులూ తడిమి చూడమన్నాడు. రత్నమ్మ చెయ్యి కూతురి వీపు మీద గట్టు దగ్గర ఆగింది. సుశీల వీపు మీద ఎక్కడా ఆగలేదు.

“రెండూ ఒక రోగం కాదమ్మా. సుశీలది తమ్ముణ్ణి మోసి ఒక పక్కకు ఒరగడం అయ్యుంటుంది, ఈ రోగం ఎప్పుడూ లేదు.”

రత్నమ్మ మొహం విప్పారింది. “అట్లయితే ఆయప్ప అక్క బిడ్డకు నయం చేసిందేమీ లేదంటావు?”

“ఈ రోగమైతే కాదు.”

“విన్నావా అక్కా? ఇంటికి పోతానే గోడమీద పేపరు పీకేయి.”

“పీకను పోవే. నా బిడ్డ నిటారుగా ఉండేది అబద్ధమా?”

రత్నమ్మ ఆ మాట పట్టించుకోలేదు. కూతురి పైట సర్దుతూ నన్నడిగింది: “బెంగుళూరు బస్సు ఎప్పుడుండాది సామీ?”

ఎదిగినన్నాళ్లూ పద్మ జాకెట్లు మారుస్తూ వేసుకుంది. వంకర పోలేదు, పెరగనూ లేదు. జాకెట్ వల్లేనా, దానంతటదే ఆగిందా అంటే డాక్టరు తెలియదన్నాడు. ఈ కథ రాసి పంపితే, “వంకర అట్లే ఉంటే ఇందులో వార్తేముందయ్యా?” అని సంపాదకుడు పక్కన పెట్టాడు. మొదటి పేజీ ధర్మవరం అతనిదే అయింది. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

కానీ ఆ తర్వాత ఎక్కడ ఎవరికి నయమైందని విన్నా, ముందు అసలు రోగమేమిటని అడిగాను. అదే మందు వాడి నయం కానివాళ్లు ఎక్కడున్నారని వెతికాను. వాళ్లు చాలాసార్లు ఆ నయమైనవాళ్ల ఇంట్లోనే, దొడ్డివైపు దొరికారు.