ఊగే పడవ, ఊగని సూరీడు

మా అమ్మమ్మ ఒడ్డున చేపలమ్మి పిల్లల్ని పెంచింది గానీ, ఒక్కసారి కూడా సముద్రంలోకి వెళ్లలేదు. ఆడవాళ్లు వేట పడవ ఎక్కకూడదన్నది మావాళ్ల కట్టుబాటు. తాత పోయాక ఆమెకు ఒకటే కోరిక మిగిలింది. ఆయన చేపల వేటలో రోజూ చూసిన పొద్దుపొడుపును, చుట్టూ నీళ్లే ఉన్నచోటి నుంచి చూడాలి.

వీడియో తీసి చూపించే పని నాదన్నాను. గాజువాకలో ఫ్యాక్టరీ మోటార్ల వణుకు కొలవడం నా ఉద్యోగం.

మొదటిసారి కెమెరాను పడవ అంచుకు క్లాంపుతో బిగించాను. గట్టిగా బిగిస్తే కదలదన్నది నేలమీది లెక్క. పడవలో ఆ క్లాంపే ఇంజిన్ వణుకంతా కెమెరాకు ఎక్కించింది. టీవీలో పెట్టగానే అమ్మమ్మ కళ్లు మూసుకుంది.

"కడుపులో తిప్పేత్తంది, ఆపీరా."

ఆమెకు తల తిరిగే జబ్బు పాతదే. అంటే వీడియో కదలకుండా వస్తే తప్ప ఆమె ఆ పొద్దుపొడుపు చూడడం కుదరదు.

రెండోసారి క్లాంపు మానేసి, కెమెరా చేత్తో పట్టుకుని లెక్క మార్చాను. కదలికలు మూడు: ఇంజిన్ వణుకు, అలల ఊపు, నా చేతులు. వల వేశాక ఎలాగూ ఇంజిన్ ఆపుతారు కాబట్టి మొదటిది పోయింది. పడవ కొస ఎగిరినంతగా నడుమ ఎగరదు, అందుకని నడుమ కూర్చున్నాను. మూడోదానికి ఉపాయం అమ్మమ్మ దగ్గరే దొరికింది. తలమీద చేపల తట్టతో ఇసుకలో నడిచేటప్పుడు ఆమె నడుము కదిలేది, మెడ కదిలేది కాదు. వీపు దేనికీ ఆనించకుండా, మోచేతులు పొట్టకు అదిమి, అల వచ్చినప్పుడల్లా నడుమును దాంతో ఊగనిచ్చాను.

పడవ నడిపేది మా మావయ్య కొడుకు. నన్ను చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"ఏటి బావా ఆ కూకోడం? ఇంజిన్ ఆపీసినాను. సముద్రాన్ని కూడా ఆపీమంటావేటి?"

"దాన్ని నాను సూసుకుంటాన్లే. నువ్వు లెగకు, పడవ ఒరుగుద్ది."

"ఫ్లాస్కు అటేపుంది. టీ తాగాలా వద్దా?"

"సూరీడొచ్చాక."

"నాన్నమ్మ సినిమాకి నా టీ బందా? బాగుంది!"

ఫ్రేములో కింద పడవ కొస కొంచెం కనబడేలా పెట్టుకుని, దూరాన నీళ్లు, ఆకాశం కలిసే గీత మీదే చూపు నిలిపాను. గీత మీద ఎర్రటి అంచు లేచింది. సూర్యుడు పూర్తిగా నీళ్లు వదిలేదాకా ఆ గీత ఒరగలేదు. ఇంటికెళ్లి చూసుకోకముందే నాకు తెలుసు, ఈసారి వచ్చిందని.

అమ్మమ్మ మంచం పట్టె గట్టిగా పట్టుకుని టీవీ ముందు కూర్చుంది. తెర అడుగున పడవ కొస లేస్తోంది, పడుతోంది. వెనక గీత అలాగే ఉంది. ఆమె కళ్లు మూయలేదు. కాసేపటికి పట్టె వదిలేసింది.

"పడవే ఊగుతంది. సూరీడు ఊగట్లేదురా. మీ తాత ఇదే సెప్పీవోడు. కొత్తగా వేటకొచ్చినోల్లని సూరీడొంక సూడమనీవోడంట, కడుపులో తిప్పకండా."

మళ్లీ వేయమంది. వేశాను. ఈసారి వీడియోలో మా మాటలు కూడా వింది.

"ఆ టీ అడిగీవోడు మనోడేనా?"

"ఆడే."

"పాపం, ఇచ్చీవొచ్చు కదరా," అంది, చూపు తెరమీంచి తిప్పకుండానే.